చూసినవి రాయని పుస్తకం

ఆ వీధిలో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఎవరో టేపమ్మ అన్నారు, అదే ఖాయమైపోయింది. దర్జీ పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం. మనిషి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నడుమెంతో, భుజమెంతో చెప్పేస్తుంది. చెప్పాక మళ్లీ టేపు పెట్టి చూస్తుంది. ఎందుకంటే తన కళ్లని కూడా ఆమె నమ్మదు.

అలాంటి మనిషికి ఆ శనివారం పొద్దున తూకం యంత్రం మీద ముల్లు చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎనభై రెండు. మళ్లీ ఎనభై రెండే వదినా!"

యంత్రం మీద నిలబడ్డావిడ ఆమె భర్తకు అక్క. మేడ మీది గదుల్లో ఉంటుంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటమనిషి. మూడు వందల మంది మధ్యాహ్నం తినే తిండి ఆమె చేతి కింద నుంచే వెళ్తుంది. పొట్టి మనిషి, గట్టి మనిషి, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

"నేనేం చేయనే అమ్మాయ్? నువ్వు చెప్పినట్టే తింటున్నా, ఆ ఆస్పత్రి పిల్ల చెప్పినట్టే నడుస్తున్నా. నా ఒళ్లు నామీదే పగబట్టింది," అంటూ దిగి, చెప్పులేసుకుని, మెట్లెక్కి వెళ్లిపోయింది.

టేపమ్మ కత్తెర చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఐదు వారాలుగా ముల్లు కదల్లేదు. గడువుకి ఇంకా పది వారాలే ఉంది.

విషయం ఏమిటంటే, టేపమ్మ భర్త బస్సు డ్రైవరు. పాతికేళ్లు స్టీరింగు పట్టిన మనిషి, రెండు కిడ్నీలూ చేతులెత్తేయడంతో ఏడాదిగా ఇంటిపట్టునే ఉన్నాడు. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో యంత్రం పక్కన నాలుగేసి గంటలు పడుకుని రక్తం కడిగించుకుని వస్తాడు. వచ్చిన రోజు మొహం ఉతికి పిండేసిన గుడ్డలా ఉంటుంది. టేపమ్మ తన కిడ్నీ ఇస్తానంటే పరీక్షలు చేసి కుదరదన్నారు. అక్కది కుదిరింది. అన్నీ కుదిరాయి, ఒక్క బరువు తప్ప.

"ఇప్పుడున్న ఎనభై నాలుగు కిలోల బరువుతో కోస్తే ఆవిడకే ప్రమాదం," అన్నాడు పెద్ద డాక్టరు. "నాలుగు నెలలు చూద్దాం. డెబ్బై ఆరుకి దిగితే ఇద్దరికీ కలిపి తారీఖు రాస్తాను. అంతకన్నా ఆగడం ఈయనకీ మంచిది కాదు, గుండె మీద భారం పడుతోంది."

ఆ రోజే పక్క గదిలో, తిండి లెక్కలు చెప్పే డైటీషియన్ దగ్గర కూర్చోబెట్టారు. కళ్లజోడు పెట్టుకున్న చిన్నమ్మాయి. క్యాలరీలు, క్యాలరీలు అని నాలుగుసార్లు అనేసరికి వదిన ఆపింది.

"క్యాలరీ అంటే మాత్రా అమ్మా? రోజుకెన్ని వేసుకోవాలి?"

"మాత్ర కాదండీ, కొలత. బట్టకి మీటరు ఎలాగో, తిండిలో ఉన్న సత్తువకి క్యాలరీ అలాగ."

మీటరు మాట వినపడగానే టేపమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ అమ్మాయి ఈమె మెడలో టేపు చూసి నవ్వి, ఇంకాస్త విడమరిచి చెప్పింది. "మీ దుకాణానికి రోజూ బట్ట వస్తుంది, మీరు కుట్టి పంపుతారు. వచ్చింది ఎక్కువై, పంపింది తక్కువైతే మిగిలిందేం చేస్తారు?"

"బీరువాలో పెడతా."

"ఒంట్లో ఆ బీరువా పేరే కొవ్వు. ఇప్పుడు ఈవిడ బీరువా ఖాళీ చేయాలి. అంటే వచ్చేది తగ్గాలి, పోయేది పెరగాలి. రోజుకి ఐదారు వందల క్యాలరీలు తక్కువ పడితే వారానికి దగ్గర దగ్గర అర కిలో దిగుతుంది."

"గంటసేపు గట్టిగా నడిస్తేనో?"

"రెండొందల యాభై దాకా పోతాయి. కానీ ఆరు చిన్న చెంచాల నూనె లోపలికెళ్తే అంతా వెనక్కొచ్చేస్తుంది. అందుకే నడక ఒక్కటే చాలదు, తినేది కూడా చూసుకోవాలి."

"నూనె ఎవరు తాగుతారమ్మా!" అని వదిన భుజాలు కదిలేలా నవ్వింది. ఆ అమ్మాయి ఒక పుస్తకం ఇచ్చి, తిన్న ప్రతిదీ రాయమంది. మొదట్లో చకచకా దిగేది ఎక్కువగా ఒంట్లో నీరేనని, దాన్ని చూసి మురిసిపోవద్దని కూడా చెప్పింది.

రెండు వారాల్లో రెండు కిలోలు దిగింది. మురవద్దన్నా ఇల్లంతా మురిసింది. తర్వాత ముల్లు అక్కడే మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

వదిన వెళ్లిన తర్వాత టేపమ్మ ఆ పుస్తకం తీసి మళ్లీ చదివింది. పొద్దున రెండు ముక్కలు బ్రెడ్డు, ఒక ఉడికిన గుడ్డు. మధ్యాహ్నం కప్పు అన్నం, కప్పు కూరగాయలు. సాయంత్రం ఒక పండు. రాత్రికి టేపమ్మ తానే కొలిచి పంపే సూపు, రొట్టె. ఎన్నిసార్లు కూడినా పదమూడు వందలు దాటదు. పైగా గంట నడక. ఈ లెక్కన ఇప్పటికి ఇంకో రెండు కిలోలైనా పోయి ఉండాలి. కొలత సరిగ్గా ఉండి చొక్కా బిగుతైతే ఎక్కడో ఎవరో గుడ్డ మింగేసినట్టే. టేపమ్మకు తెలిసిన న్యాయం అదే.

ముందు యంత్రాన్ని అనుమానించింది. సీలు విప్పని ఐదు కిలోల బియ్యం సంచి తెచ్చి దాని మీద పెట్టింది. ఐదు చూపించింది. రెండు సంచులు పెడితే పది చూపించింది. తాను సంచితో ఎక్కి, సంచి లేకుండా ఎక్కి చూసింది. యంత్రంలో ఏ తప్పూ లేదు.

తర్వాత నడకను అనుమానించింది. సోమవారం పొద్దున వదిన బయల్దేరిన రెండు నిమిషాలకు తాను కూడా తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది. బస్టాపు వెనక ఒకసారి, మందుల దుకాణం బోర్డు వెనక ఒకసారి దాక్కుంది. వదిన ఆటస్థలం చుట్టూ ఆపకుండా తొమ్మిది చుట్లు తిరిగింది. చేతులు ఊపుతూ, చెమటలు కక్కుతూ. వెనక నడిచిన టేపమ్మకే పిక్కలు పట్టేశాయి. చివర్లో వదిన బేకరీ ముందు ఆగి ఒక బన్ను కొనింది. దొరికావు, అనుకుంది టేపమ్మ. వదిన ఆ బన్నును నాలుగు ముక్కలు చేసి, గేటు దగ్గర కాచుకుని ఉన్న కుంటి కుక్కకు నాలుగూ వేసి, చేతులు దులుపుకుంది.

టేపమ్మకు సిగ్గేసింది. కానీ సిగ్గు ఒక పూట ఉంటుంది, అనుమానం అలా కాదు. ఆ సాయంత్రమే మేడ మీదికి సూపు గిన్నె తీసుకెళ్తుంటే, సగం మెట్లెక్కేసరికి గదిలో వదిన ఫోన్లో మాట్లాడుతున్న మాటలు చెవిన పడ్డాయి.

"అంటే మాటలా మరి? కోసి తీస్తారే. నాకు భయమేస్తోంది..."

టేపమ్మ చేతిలో గిన్నె మూత గలగలలాడింది. లోపల మాటలు ఆగిపోయాయి. ఏమీ విననట్టే గిన్నె గుమ్మంలో పెట్టి, "వదినా, సూపు!" అని కేకేసి దిగి వచ్చేసింది. దిగుతూంటే ఒక్కొక్క మెట్టు దగ్గరా ఒక్కొక్క సంగతి అతుక్కుంది. ఇవ్వడం ఇష్టం లేదు. లేదని నోటితో అనలేదు. అందుకని ఎక్కడో తింటోంది. బరువు దిగకపోతే డాక్టరే వద్దంటాడు, మాట పోదు, కిడ్నీ పోదు.

ఆ మాటే భర్తతో అంది. డ్రైవరు మంచం మీద ఆనుకుని కూర్చుని, రోజుకి కొలిచిచ్చే నీళ్లను గుటక గుటకగా పొదుపు చేసుకుంటున్నాడు.

"మా అక్క నన్ను తప్పించుకోవడానికి తింటోందా?" అన్నాడు. "నీకు టేపు మెడలో ఎక్కువసేపు ఉండి రక్తం తలకి ఎక్కడం లేదే."

"మీకు నవ్వులాట. ఐదు వారాలండీ! పుస్తకంలో పిచుక తిండి, ముల్లు మీద ఎనభై రెండు."

"చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అది కూడా అన్నం మానేసి కూర్చునేది. అడుగు, పక్కింటివాళ్లని అడుగు."

"చిన్నప్పుడు మానేసింది. ఇప్పుడెందుకు మానేయట్లేదు?"

డ్రైవరు గ్లాసు కింద పెట్టి గోడ వైపు తిరిగాడు. తన మాట ఆయన గుండెల్లో కూడా ఒక ముల్లు దింపిందని టేపమ్మకు అప్పుడు తెలిసింది. ఇక ఊరుకోలేదు. ఔనో కాదో తేల్చుకోవాల్సిందే.

క్యాంటీన్లో పన్నెండు మందికి కొత్త ఏప్రాన్లు కావాలని మేనేజరు ఎప్పటినుంచో అడుగుతున్నాడు. గురువారం పొద్దున తొమ్మిదికల్లా టేపమ్మ అక్కడ వాలింది. కొలతలు తీసే మిషతో కూరగాయల బస్తాల పక్కన స్టూలేసుకుని కూర్చుంది. ముందు గిన్నెలు తోమే ఆవిడ కొలత తీసింది. తీస్తున్నంతసేపూ కళ్లు మాత్రం పొయ్యిల వైపే.

ఆరు పొయ్యిలు, ఆరు పెద్ద గిన్నెలు. వదిన ఒకదాని నుంచి ఇంకోదానికి పడవ నడిపినట్టు తిరుగుతోంది. అక్కడ ఆమె మేడ మీది అక్క కాదు, ఓ సేనాపతి. మాంసం కూర మూత తీసింది, గరిటె తిప్పింది, గరిటె అంచుతో ఎడమ అరచేతిలో కాస్త ఒలకబోసుకుని నాలుకతో అందుకుంది. "ఉప్పు తక్కువ," అంది. ఉప్పు వేసింది, తిప్పింది, మళ్లీ అరచెయ్యి, మళ్లీ నాలుక. "ఊఁ." టమాటా సూపు దగ్గరికెళ్లింది. అరచెయ్యి, నాలుక. బంగాళాదుంపల వేపుడు కరకరలాడిందో లేదో అని రెండు ముక్కలు. మళ్లీ మాంసం కూర. కేకు ఉడికిందో లేదో అని ఒక అంచు. పైన తేలే నూనె వేళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా కారుతోంది.

టేపమ్మ చేతికి సూదులు గుచ్చుకునే చిన్న దిండు ఉంటుంది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా, వదిన అరచెయ్యి నోటి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒక గుండుసూదిని డబ్బాలోంచి తీసి దిండుకు గుచ్చడం మొదలుపెట్టింది. పన్నెండున్నరకు భోజనాల గంట మోగేసరికి దిండు మీద నలభై ఒక్క సూదులు. ముళ్లపందిలా ఉంది.

వదిన చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూలబడింది. "ఏమే, అందరి నడుములూ కొలిచావా?"

"కొలిచా వదినా. పొద్దుటి నుంచి ఏం తిన్నావ్?"

"ఏం తింటాను? రెండు బ్రెడ్డు ముక్కలు, గుడ్డు. పుస్తకంలో రాశాగా."

"తర్వాత?"

"తర్వాత పచ్చి మంచినీళ్లు. తినడానికి తీరికెక్కడిదే ఇక్కడ!"

గొంతులో అబద్ధం వాసన కూడా లేదు. అదే టేపమ్మను తికమక పెట్టింది. దిండు ముందుకు జరిపింది. "మరి ఇవేంటి?"

"సూదులు."

"సూది సూదికీ నువ్వు ఒక్కోసారి నోట్లో వేసుకున్నావు వదినా. నలభై ఒకటి."

వదిన దిండు వైపు చూసింది, మరదలి వైపు చూసింది. "ఒసేయ్ పిచ్చిదానా, అది తినడమా? అది రుచి చూడడం!"

"చూడడం కళ్లతో చేస్తారు వదినా. ఇది గొంతు దిగింది."

వదిన తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ చెయ్యి అదే పని చేస్తోంది. ఊపిరి పీల్చుకున్నట్టు, రెప్ప వేసినట్టు. ఊపిరి ఎవరైనా పుస్తకంలో రాస్తారా? తిన్నవి రాయమన్నారు, రాసింది. చూసినవి రాయమని ఎవరూ చెప్పలేదు.

అంతలోనే ఆమె మొహం మారింది. అర్థమైంది. దిండు అర్థమైంది, స్టూలు అర్థమైంది, పొద్దుటి నుంచి ఆ కళ్లు ఎటు తిరుగుతున్నాయో కూడా అర్థమైంది.

"అయితే నువ్వు ఏప్రాన్లకి రాలేదు."

టేపమ్మ తల దించుకుంది. మొదలుపెట్టాక దాచడం ఆమెకు రాదు. "మెట్ల మీద విన్నాను వదినా. కోసి తీస్తారు, భయమేస్తోంది అన్నావు."

"పూర్తిగా విన్నావా?"

"లేదు."

"సగం బట్ట చూసి చొక్కా కుట్టేశావన్నమాట. ఇదిగో, ఈవిడతోనే మాట్లాడాను, అడుగు," అని గిన్నెలావిడను చూపించింది.

గిన్నెలావిడ నురగ చేతులతోనే ఇటు తిరిగింది. "కోసి తీస్తారే, నాకు భయమేస్తోంది, కొయ్యడానికి కాదు, ఈ ముల్లు కదలకపోతే నా దగ్గర తీసుకోనే తీసుకోరేమోనని, అని ఏడ్చింది తల్లీ. గంటసేపు ఏడ్చింది. నా ఫోన్లో చార్జింగు అయిపోయింది."

వదిన లేచి, చేతులు కడుక్కుని, వడ్డన వైపు వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికి వేరే బస్సెక్కి వచ్చింది. రెండు రోజులు మాటల్లేవు. సూపు గిన్నె గుమ్మంలో పెడితే ఖాళీ గిన్నె గుమ్మంలోనే దొరికేది, అంతే.

శనివారం పొద్దున టేపమ్మ తూకం యంత్రం దుమ్ము తుడిచి, వస్తుందో రాదోనని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఎనిమిదిన్నరకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. వదిన వచ్చి పుస్తకం కుట్టుమిషను మీద పడేసింది. పేజీకి మధ్యలో ఒక గీత. ఇటు పక్క 'తిన్నవి'. అటు పక్క 'చూసినవి'.

"ఆస్పత్రికెళ్లి ఆ కళ్లజోడు పిల్లకి చూపించా. మొత్తం కూడి, ఆరొందలు దాటుతున్నాయంది. నా నడక, నా పస్తు, అన్నీ ఆ అరచేతిలోనే పోతున్నాయట." పుస్తకం మూసింది. "నువ్వు నన్ను అనుమానించావు. అది నేను మర్చిపోను. కానీ నువ్వు అనుమానించకపోతే వాడికి..." అని ఆగిపోయి, "సరే, ఇప్పుడు ఏం చేద్దామో చెప్పు. రుచి చూడకుండా మూడొందల మందికి ఎలా వండను?" అంది.

మొదట గిన్నెలావిడతో రుచి చూపించారు. ఆవిడ నాలుకకు ఉప్పు ఎంతైనా చాలదని ఆ రోజే తెలిసింది. ఫ్యాక్టరీలో మంచినీళ్ల డ్రమ్ములు రెండింటికల్లా ఖాళీ. మేనేజరు వంటగదిలోకి వచ్చి నిలబడ్డాడు గానీ, వదిన మొహం చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు టేపమ్మ తనకొచ్చిన విద్యే బయటికి తీసింది. "వదినా, నేను బట్ట కోసే ముందు ప్రతి అంగుళానికీ కోసి చూస్తానా? అన్నీ కొలిచి, సుద్దతో గీసి, ఒక్కసారే కత్తెర పెడతా. నువ్వు కూడా ఉప్పూ కారం కొలిచి వెయ్యి. చివర్లో గిన్నెకొక్కసారి, చిన్న చెంచాతో చూడు." టేపమ్మ వదిన కొత్త ఏప్రానుకు ఎడమ వైపు ఒక జేబు కుట్టింది. సరిగ్గా ఒక చిన్న చెంచా పట్టేంత జేబు. గరిటె దూరదు. ఎడమ చేతికి మాత్రం మణికట్టు దాకా గుడ్డ తొడుగు కుట్టింది, అరచెయ్యి నోటి దగ్గరికెళ్తే నాలుకకు గుడ్డే తగిలేలాగ. మొదటి వారంలో ఆ తొడుగు రోజుకి పదిసార్లు తడిసిందని గిన్నెలావిడ కబురు మోసింది. రెండో వారం నాలుగుసార్లు. ఆ తర్వాత పొడిగానే ఇంటికొచ్చేది.

రాత్రి తిండి బాధ్యత టేపమ్మది. నూనె తగ్గించినా వదిన నోటికి హితవుగా ఉండాలని పొయ్యి దగ్గరే నిలబడి సూపును సరిచేసేది, మళ్లీ సరిచేసేది. అయినా ప్రతి శనివారం పుస్తకాన్ని గీత గీతా అనుమానంగానే చదివేది. "ఈ మంగళవారం 'చూసినవి' ఆరే ఉన్నాయేంటి? కేకు రోజు కదా?" అని నిలదీసేది. "కేకుకి పుల్ల గుచ్చి చూశానే. పుల్లకేమీ అంటలేదు, నేను పుల్లని నాకలేదు, చాలా?" అని వదిన కసిరేది. ముల్లు ఎనభై ఒకటి మీదికి వచ్చింది. ఎనభై. ఒక వారం కదల్లేదు, ఇద్దరూ ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నారు. తర్వాతి వారం ఒకేసారి కిలో దిగింది.

గడువు రోజున ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. డ్రైవరు బయట కుర్చీలో కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. డాక్టరు గదిలో తూకం యంత్రానికి ముల్లు లేదు, ఎర్రటి అంకెలు. వదిన గాజులు తీసింది, చెప్పులు విడిచింది, అలవాటుగా నడుముకి దోపుకొచ్చిన చిన్న చెంచా కూడా తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కింది. కళ్లు మూసుకుంది.

అంకెలు కాసేపు కొట్టుకుని నిలబడ్డాయి. డెబ్బై ఐదు, పక్కన తొమ్మిది.

డాక్టరు క్యాలెండరు ముందుకు లాక్కున్నాడు. "వచ్చే నెల పధ్నాలుగు," అని ఒకే గళ్లో ఇద్దరి పేర్లూ రాశాడు. వదిన కళ్లు తెరవకుండానే ఏడవడం మొదలుపెట్టింది.

టేపమ్మ మాత్రం ఆ ఎర్ర అంకెల్ని కళ్లు చిట్లించి చూస్తోంది. మన యంత్రం డెబ్బై ఆరు పైన చూపించింది కదా పొద్దున, ఇది తక్కువ చూపిస్తోందేమో, రేపు మళ్లీ కుదరదంటేనో. "డాక్టరుగారూ, ఒక్క నిమిషం," అని తాను కూడా ఎక్కింది. తన బరువు తనకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా అరవై ఒకటి, గ్రాము అటూ ఇటూ కాదు.

అంకెలు అరవై నాలుగు దగ్గర ఆగాయి.

"చూశారా, ఇది తప్పు! ఎక్కువ చూపిస్తోంది! నేనేం తిన్నాను? వదినా, నువ్వే చెప్పు, నేనేమైనా తిన్నానా?"

వదిన ముక్కు తుడుచుకుంది. మరదల్ని కింది నుంచి పైదాకా ఒకసారి కొలిచింది, టేపు లేకుండానే.

"తినలేదులే అమ్మాయ్," అంది. "సూపు చూసి ఉంటావు."